వెబ్ బ్రౌజర్‌లో జావా వెర్షన్ల ఘర్షణ

ఒకే కంప్యూటర్‌లో జావా రన్‌టైమ్ వెర్షన్లు ఒకటికి మించి ఉండి, వెబ్ పేజీ కోరినది ఒకటి, బ్రౌజర్ నడిపినది మరొకటి అయినప్పుడు వచ్చే సమస్యలను జావా వెర్షన్ల ఘర్షణ అంటారు. పేజీలోని జావా ప్రోగ్రామ్, అంటే యాప్లెట్, అసలు తెరుచుకోకపోవడం, మధ్యలో ఆగిపోవడం, భద్రతా హెచ్చరిక దగ్గర నిలిచిపోవడం దీని లక్షణాలు. 1990ల చివరి నుంచి 2010ల మధ్య వరకు కార్యాలయాల్లో కంప్యూటర్లు చూసే సిబ్బందికి ఇది నిత్యం ఎదురైన సమస్య. ప్రధాన బ్రౌజర్లు 2015–2018 మధ్య జావా ప్లగిన్‌ను వదిలేసినా, పాత అప్లికేషన్లు వాడుకలో ఉన్న చోట్ల ఈ సమస్య ఇంకా మిగిలే ఉంది. జావాస్క్రిప్ట్ వేరే భాష. బ్రౌజర్‌లో దాన్ని ఆన్ చేసినా ఆఫ్ చేసినా ఈ సమస్యలో మార్పు ఉండదు.

యాప్లెట్ ఏ జావాతో నడుస్తుందన్నది ఒక్క చోట తేలే విషయం కాదు. పేజీ ఏ వెర్షన్ కోరుతోంది, కంప్యూటర్‌లో ఏవేవి ఉన్నాయి, బ్రౌజర్ వాటిలో దేన్ని ఎంచుకుంది, భద్రతా నియమాలు దేన్ని అనుమతిస్తాయి అన్న నాలుగు అంశాలు కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. ఈ నాలుగింటిలో ఏది తేడా పడిందో తెలుసుకోవడమే నిర్ధారణ. అది తెలియకుండా మరో కొత్త వెర్షన్ తెచ్చి పెడితే చిక్కు ఇంకా పెరుగుతుంది.

నేపథ్యం

సన్ మైక్రోసిస్టమ్స్ 1995 మే 23న జావాను ప్రకటించింది. యాప్లెట్లను నడపగలిగే హాట్‌జావా బ్రౌజర్‌ను ఆ సంస్థే తయారుచేసింది. ఆ తర్వాత నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 ఈ సౌకర్యాన్ని సాధారణ వినియోగదారులకు చేరవేసింది. 1996లో మైక్రోసాఫ్ట్ తన సొంత జావా వర్చువల్ మెషీన్‌ను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3తో ఇచ్చింది. అప్పట్లో ఏ బ్రౌజర్ జావా దానిదే. ఒకే యాప్లెట్ ఒక బ్రౌజర్‌లో బాగా నడిచి మరో దానిలో మొరాయించేది.

లైసెన్సు షరతులను ఉల్లంఘించి, సరిపడని జావాను పంపిణీ చేస్తోందని సన్ 1997 అక్టోబరులో మైక్రోసాఫ్ట్‌పై దావా వేసింది. 2001 జనవరిలో కుదిరిన రాజీలో మైక్రోసాఫ్ట్ 2 కోట్ల డాలర్లు చెల్లించింది. దాని వర్చువల్ మెషీన్ జావా 1.1 స్థాయి దగ్గరే ఆగిపోయింది. 2007 డిసెంబరు 31తో దానికి మద్దతు కూడా ముగిసింది.

బ్రౌజర్ల మధ్య ఉన్న ఈ తేడాలను తప్పించడానికి సన్ జావా ప్లగిన్‌ను తెచ్చింది. జావా రన్‌టైమ్ బ్రౌజర్‌కు బయట ఉంటుంది. ప్లగిన్ ఆ రెండింటినీ కలుపుతుంది. పాత తేడాలు దీంతో తగ్గాయి కానీ కొత్త చిక్కు వచ్చింది. ప్రతి జావా అప్‌డేట్ తనకంటూ వేరే ఫోల్డర్‌లో చేరేది, పాతది అలాగే ఉండిపోయేది. కొన్నేళ్లు వాడిన కంప్యూటర్‌లో 1.4, 5, 6 వెర్షన్లు, వాటి అప్‌డేట్లు పక్కపక్కనే ఉండడం మామూలైపోయింది.

2008 అక్టోబరులో విడుదలైన జావా 6 అప్‌డేట్ 10 ఈ తీరును మార్చింది. అప్పటి నుంచి ఒకే కుటుంబంలోని, అంటే జావా 6లోని, కొత్త అప్‌డేట్ పాతదాని స్థానంలోనే చేరింది. యాప్లెట్లు కూడా బ్రౌజర్ ప్రాసెస్‌లో కాకుండా విడి ప్రాసెస్‌లో నడవసాగాయి. అయితే అంతకు ముందే పేరుకుపోయిన వెర్షన్లు కంప్యూటర్లలో అలాగే ఉన్నాయి. 2010లో సన్‌ను కొనుగోలు చేసిన ఒరాకిల్, అప్‌డేట్ చేస్తే కంప్యూటర్ సురక్షితమవుతుందని చెబుతూనే పాత వెర్షన్లు మిగిలిపోతాయన్న సంగతిని వినియోగదారులకు సరిగా తెలపలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2015 డిసెంబరులో ప్రకటించిన ఒప్పందం ప్రకారం, అప్‌డేట్ సమయంలో పాత వెర్షన్ల గురించి హెచ్చరించి, వాటిని తొలగించే అవకాశం ఇవ్వడానికి ఒరాకిల్ అంగీకరించింది.

వెర్షన్ సంఖ్యలు

ఒకే జావాకు రెండు రకాల సంఖ్యలు ఉండడం గందరగోళానికి ఒక మూలం. జావా 5 లోపలి సంఖ్య 1.5. జావా 6 అప్‌డేట్ 45 లోపల 1.6.0_45 అని, జావా 8 అప్‌డేట్ 202 లోపల 1.8.0_202 అని కనిపిస్తాయి. వెబ్ పేజీ ‘1.6 లేదా ఆపైన’ కావాలంటే జావా 6, 7, 8 ఏదైనా సరిపోతుంది. 2017లో వచ్చిన జావా 9 నుంచి ముందున్న ‘1.’ తీసేశారు. సంఖ్య ఎప్పుడూ 1తోనే మొదలవుతుందనుకుని రాసిన తనిఖీ ప్రోగ్రాములు దాంతో తప్పు లెక్క చెప్పాయి.

కంపైల్ అయిన ప్రతి క్లాస్ ఫైలులో మరో సంఖ్య ఉంటుంది. జావా 1.4కు అది 48, జావా 5కు 49, 6కు 50, 7కు 51, 8కు 52, 11కు 55, 17కు 61. ఏ రన్‌టైమ్ అయినా తన సంఖ్యను మించిన ఫైలును నడపదు. అందువల్ల జావా 8 కోసం కంపైల్ చేసిన యాప్లెట్ జావా 7లో తెరుచుకోదు. పాత యాప్లెట్ కొత్త జావాలో నడవడానికి ఈ సంఖ్య అడ్డు కాదు గానీ, వేరే కారణాలు అడ్డుపడవచ్చు: సన్ అంతర్గత క్లాసులను నేరుగా వాడుకోవడం, కాలం చెల్లిన సర్టిఫికెట్, బలహీనమైన సంతకం వంటివి. ఉదాహరణకు 2017 ఏప్రిల్‌లో వచ్చిన జావా 8 అప్‌డేట్ 131, ఎండీ5 పద్ధతిలో సంతకం చేసిన జార్ ఫైళ్లను (జావా క్లాస్ ఫైళ్లను ఒకటిగా కట్టిన ఫైళ్లను) సంతకమే లేనివిగా పరిగణించడం మొదలుపెట్టింది.

బ్రౌజర్ జావాను ఎంచుకునే విధానం

యాప్లెట్‌ను పేజీలో చేర్చడానికి యాప్లెట్, ఆబ్జెక్ట్, ఎంబెడ్ అనే మూడు హెచ్‌టీఎంఎల్ ట్యాగులు వాడుకలో ఉండేవి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం రాసిన ఆబ్జెక్ట్ ట్యాగులో క్లాస్ ఐడీ అనే పొడవైన గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది మూడు రకాలుగా పనిచేసేది. మొదటి రకం, కంప్యూటర్‌లోని కొత్త జావాను తీసుకోమంటుంది. రెండోది ఒక కుటుంబాన్ని, అంటే జావా 5లో ఏదైనా అప్‌డేట్‌ను కోరుతుంది. మూడోది ఫలానా అప్‌డేటే కావాలని పట్టుబడుతుంది. ఈ మూడో పద్ధతి ప్రమాదకరమని తేలింది. హానికరమైన పేజీ, లోపమున్న పాత వెర్షన్‌ను పేరు పెట్టి పిలిచి దాని ద్వారా కంప్యూటర్‌లోకి చొరబడగలదు. అందుకే జావా 5 అప్‌డేట్ 6 నుంచి పేజీ ఏది అడిగినా కొత్త జావానే వాడే రక్షణను చేర్చారు. పాత వెర్షన్ కోసమే రాసిన అప్లికేషన్లు కొన్ని ఈ మార్పుతోనే ఆగిపోయాయి.

తర్వాతి కాలంలో వెర్షన్‌ను యాప్లెట్ పారామీటర్‌గా గానీ, ప్రోగ్రామ్‌ను ఎలా నడపాలో చెప్పే జేఎన్‌ఎల్‌పీ ఫైలులో గానీ రాసేవారు. జేఎన్‌ఎల్‌పీలో ‘1.6+’ అంటే ఆ వెర్షన్ లేదా దానికన్నా కొత్తది. కూడిక గుర్తు లేకుండా పూర్తి సంఖ్య రాస్తే అచ్చంగా అదే వెర్షన్. ఆ ఒక్క గుర్తు మరచిపోవడం వల్ల సరైన జావా ఉండీ అప్లికేషన్ తెరుచుకోని సందర్భాలు ఉంటాయి.

పాత్, జావా హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లకు ఈ ఎంపికలో పాత్ర లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో వెర్షన్ అడిగితే వచ్చే జవాబు పాత్‌లో ముందున్న జావాది. బ్రౌజర్ నడిపే జావా అదే కావాలని లేదు. విండోస్‌లో ప్లగిన్ వివరాలు రిజిస్ట్రీ నుంచి, జావా కంట్రోల్ ప్యానెల్ అమరికల నుంచి వస్తాయి. ప్రోగ్రామర్ల కంప్యూటర్లలో ఈ తేడా తరచుగా పొరపాటు నిర్ధారణకు దారితీస్తుంది.

32 బిట్, 64 బిట్ తేడా

32 బిట్ బ్రౌజర్ 32 బిట్ ప్లగిన్‌ను మాత్రమే లోడ్ చేసుకోగలదు. 64 బిట్ బ్రౌజర్‌కు 64 బిట్ ప్లగిన్ కావాలి. 64 బిట్ విండోస్‌లో కూడా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పేజీలు మామూలుగా 32 బిట్ ప్రాసెస్‌లోనే తెరుచుకునేవి. విండోస్ ఫైర్‌ఫాక్స్‌కు అధికారిక 64 బిట్ రూపం 2015 డిసెంబరులో, వెర్షన్ 43తో వచ్చింది. కంప్యూటర్ 64 బిట్‌ది కదా అని 64 బిట్ జావా ఒక్కటే వేసుకున్నవారికి బ్రౌజర్‌లో ‘జావా లేదు’ అనే సందేశం రావడానికి ఇదే కారణం. విండోస్‌లో 32 బిట్ జావా ‘ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86’ ఫోల్డర్‌లో, 64 బిట్ జావా ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ ఫోల్డర్‌లో చేరతాయి కాబట్టి ఏది ఉందో సులువుగా తెలుసుకోవచ్చు.

లక్షణాలు, వాటి అర్థం

తెర మీద కనిపించే సందేశం చాలావరకు కారణాన్ని సూచిస్తుంది. ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్’ అంటే నడిచిన జావా యాప్లెట్‌కు కావలసినదానికన్నా పాతది. దాని పక్కన 52.0 అని ఉంటే యాప్లెట్‌కు జావా 8 కావాలి. ‘క్లాస్ నాట్ ఫౌండ్’ వస్తే సాధారణంగా జార్ ఫైలు దిగకపోవడమో, క్యాష్‌లో పాత నకలు ఉండిపోవడమో కారణం. ‘అప్లికేషన్ బ్లాక్డ్ బై సెక్యూరిటీ సెట్టింగ్స్’ అన్నది భద్రతా నియమాల అడ్డు. వెర్షన్ మార్చినంత మాత్రాన అది తొలగదు. జావా పాతబడిందన్న హెచ్చరిక, ఆ అప్‌డేట్‌కు నిర్ణయించిన గడువు దాటిందని చెబుతుంది. అప్లికేషన్‌కు మునుపటి జావా అవసరమని వస్తే పేజీ పాత వెర్షన్‌ను పేరు పెట్టి అడుగుతోందని అర్థం. ఏ సందేశమూ లేకుండా ఖాళీ పెట్టె కనిపిస్తే ప్లగిన్ ఆఫ్‌లో ఉండడమో, బిట్ తేడానో, బ్రౌజర్ ప్లగిన్లను పూర్తిగా వదిలేయడమో కారణం.

నిర్ధారణ

పరిశీలన పేజీ నుంచి మొదలుకావాలి. అప్లికేషన్ అందించిన సంస్థ సూచనల్లో ఏ జావా, ఏ బ్రౌజర్, ఎన్ని బిట్లు అని రాసి ఉంటే అదే కొలమానం. సూచనలు లేకపోతే పేజీ సోర్స్‌లోని ట్యాగులు, జేఎన్‌ఎల్‌పీ ఫైలు చూడాలి.

తర్వాత కంప్యూటర్‌లో ఉన్న వెర్షన్ల జాబితా తీయాలి. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రోగ్రాముల జాబితాలో జావా ఎన్నిసార్లు కనిపిస్తోందో లెక్కించాలి. ఆపై జావా కంట్రోల్ ప్యానెల్‌లో ‘జావా’ ట్యాబ్ తెరిచి ‘వ్యూ’ నొక్కితే రన్‌టైమ్‌లు, అవి ఉన్న ఫోల్డర్లు, ప్రతిదాని ఎదుట ‘ఎనేబుల్డ్’ గడి కనిపిస్తాయి. 32 బిట్, 64 బిట్ జావాలు రెండూ ఉంటే, తెరుచుకున్న ప్యానెల్ దేనిదో కూడా చూసుకోవాలి.

బ్రౌజర్ నిజంగా ఏది వాడుతోందో చెప్పేది జావా కన్సోల్. ‘అడ్వాన్స్‌డ్’ ట్యాబ్‌లో కన్సోల్ కనిపించేలా పెట్టి యాప్లెట్ పేజీని తెరిస్తే, మొదటి పంక్తుల్లోనే ప్లగిన్ వెర్షన్, రన్‌టైమ్ వెర్షన్ వస్తాయి. ఆ కింద వచ్చే తప్పుల వివరాలు మిగతా కారణాలను బయటపెడతాయి. పాత ఫైర్‌ఫాక్స్‌లో ‘అబౌట్ ప్లగిన్స్’ పేజీ, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘మేనేజ్ యాడ్ ఆన్స్’ ప్లగిన్ స్థితిని చూపుతాయి. కన్సోల్ అసలు తెరుచుకోకపోతే జావా మొదలే కాలేదన్నమాట. అప్పుడు వెతకవలసినది బ్రౌజర్ అమరికల్లో.

సరిదిద్దే క్రమం

ఫలానా పాత వెర్షన్ తప్పనిసరి కానప్పుడు, అన్నిటినీ తీసేసి ఒక్కటే పెట్టడం మంచి మార్గం. ముందుగా బ్రౌజర్లన్నీ మూసేయాలి. ప్రోగ్రాముల జాబితా నుంచి జావా వెర్షన్లను ఒక్కొక్కటిగా తొలగించాలి. ఒరాకిల్ అందించే తొలగింపు సాధనాన్నీ వాడవచ్చు. ఫోల్డర్లను నేరుగా చెరిపేయడం తప్పు, ఎందుకంటే రిజిస్ట్రీలో పాత జాడలు మిగిలి ప్లగిన్‌ను లేని ఫోల్డర్‌కు పంపుతాయి. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేశాక, బ్రౌజర్ బిట్లకు సరిపోయే జావాను పెట్టాలి. రెండు రకాల బ్రౌజర్లూ వాడుకలో ఉంటే రెండు రకాల జావాలూ ఒకే అప్‌డేట్‌వి అయి ఉండాలి.

ఆ తర్వాత ‘జనరల్’ ట్యాబ్‌లో తాత్కాలిక ఫైళ్లను తొలగించాలి. లేకపోతే పాత జార్ ఫైళ్లు క్యాష్ నుంచే వచ్చి, సరిచేసిన సమస్యే మళ్లీ కనిపిస్తుంది. ‘సెక్యూరిటీ’ ట్యాబ్‌లో బ్రౌజర్‌లో జావాను అనుమతించే గడి టిక్ అయి ఉందో లేదో చూడాలి. ఈ గడి, భద్రతా స్థాయి అమరిక 2012 డిసెంబరులో జావా 7 అప్‌డేట్ 10తో వచ్చాయి.

భద్రతా నియమాల ప్రభావం

2013 జనవరిలో జావా 7లోని ఒక తీవ్ర లోపాన్ని దాడులకు వాడుకుంటున్నారని బయటపడినప్పుడు, బ్రౌజర్లలో జావాను ఆపేయాలని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సలహా ఇచ్చింది. అదే నెలలో వచ్చిన అప్‌డేట్ 11 భద్రతా స్థాయిని ‘హై’కి మార్చింది. 2014 జనవరి నాటి అప్‌డేట్ 51, సంతకం లేని యాప్లెట్లను, సొంతంగా సంతకం చేసుకున్నవాటిని ఆపేసింది. జార్ ఫైలులో పర్మిషన్స్ వివరం తప్పనిసరి చేసింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ పాతబడిన యాక్టివ్‌ఎక్స్ భాగాలను అడ్డుకోవడం జావాతోనే మొదలుపెట్టింది. జావా 7లో అప్‌డేట్ 65కు, జావా 8లో అప్‌డేట్ 11కు ముందువి ఆ జాబితాలో చేరాయి.

ఈ మార్పులతో, నిన్నటి దాకా నడిచిన అప్లికేషన్ అప్‌డేట్ తర్వాత ఆగిపోయేది. అందుకు పరిమితమైన పరిష్కారంగా ‘ఎక్సెప్షన్ సైట్ లిస్ట్’ వచ్చింది. నమ్మదగిన సైటు చిరునామాను ప్రోటోకాల్‌తో సహా అందులో చేర్చితే యాప్లెట్ హెచ్చరికతో నడుస్తుంది. సంస్థ లోపలి సైటుకో, తెలిసిన ప్రభుత్వ సైటుకో తప్ప దీన్ని వాడకూడదు. ఇది భద్రతా అడ్డును తొలగిస్తుందే తప్ప ఏ జావా నడవాలో చెప్పదు.

రెండు వెర్షన్లూ కావలసినప్పుడు

ఒక అప్లికేషన్‌కు జావా 6, మరో దానికి కొత్త జావా అవసరమైన కార్యాలయాల కోసం జావా 7 అప్‌డేట్ 40లో ‘డిప్లాయ్‌మెంట్ రూల్ సెట్’ను చేర్చారు. ఏ చిరునామాకు ఏ వెర్షన్ వాడాలి, దేన్ని అడ్డుకోవాలి అన్న నియమాలను ఎక్స్‌ఎంఎల్ ఫైలులో రాసి, జార్‌గా కట్టి, నమ్మదగిన సర్టిఫికెట్‌తో సంతకం చేసి కంప్యూటర్లలో ఉంచుతారు. జావా ఈ నియమాలను పై నుంచి కిందికి చదివి, మొదట సరిపోయినదాన్నే అమలు చేస్తుంది. అందుచేత ప్రత్యేక నియమాలు ముందు, అన్నిటికీ వర్తించేది చివర ఉండాలి. నియమం పాత జావాను పేర్కొంటే ఆ జావా కంప్యూటర్‌లో ఉండి తీరాలి. ఇలా చేస్తే పాత వెర్షన్ ఎంచిన సైట్లకే పరిమితమై, మిగతా వెబ్‌కు అందకుండా ఉంటుంది. ఇదీ సాధ్యం కానప్పుడు పాత బ్రౌజర్, పాత జావాలను వర్చువల్ మెషీన్‌లో విడిగా ఉంచి, దాన్ని అవసరమైన సర్వరుకే అనుసంధానించడం మేలు.

మ్యాక్, లినక్స్

మ్యాక్‌లో జావా 6 వరకు ఆపిల్ స్వయంగా అందించేది. 2012 అక్టోబరు అప్‌డేట్‌తో ఆపిల్ తన ప్లగిన్‌ను బ్రౌజర్ల నుంచి తీసేసింది. తర్వాతి వెర్షన్లు ఒరాకిల్ నుంచి వచ్చాయి. మ్యాక్‌లో జావా అభివృద్ధి కిట్లు ఎన్నయినా ఉండవచ్చు గానీ బ్రౌజర్ ప్లగిన్ మాత్రం ఒక్కటే ఉంటుంది. ఒరాకిల్ జావా 7 అక్కడ 64 బిట్‌లోనే ఉండగా, క్రోమ్ 2014 నవంబరు నాటి వెర్షన్ 39 వరకు 32 బిట్ కావడంతో ఆ రెండింటికీ జత కుదరలేదు.

లినక్స్‌లో ప్లగిన్ ఫోల్డర్‌లోని సింబాలిక్ లింక్ ఏ ఫైలును చూపితే ఆ జావాయే నడుస్తుంది. ఒరాకిల్ ప్లగిన్, ఓపెన్‌జేడీకేతో వాడే ఐస్‌డ్‌టీ వెబ్ రెండూ ఉంటే ఒకదాని లింకును తీసేయాలి.

భారతదేశంలో

భారతదేశంలో ఈ సమస్య ఎక్కువమందికి డిజిటల్ సంతకాల ద్వారా పరిచయమైంది. ఈ టెండర్ల సైట్లు, ఆదాయపు పన్ను ఈ ఫైలింగ్ వంటివి చాలాకాలం సంతకం కోసం యాప్లెట్ల మీద ఆధారపడ్డాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని గుత్తేదారులు, ఆడిటర్లు కూడా యూఎస్‌బీ టోకెన్, జావా, బ్రౌజర్ మూడూ పొసిగేలా చూసుకోవలసి వచ్చేది. టోకెన్ డ్రైవరు బిట్లు జావా బిట్లతో కలవాలి. పైగా టోకెన్లతో మాట్లాడే పీకేసీఎస్ 11 భాగం 64 బిట్ విండోస్ జావాలో జావా 8తోనే వచ్చింది; జావా 7 వాడేవారికి 32 బిట్ తప్పలేదు. తర్వాత యాప్లెట్ల స్థానంలో, కంప్యూటర్‌లో విడిగా నడుస్తూ పేజీతో మాట్లాడే సంతక సాధనాలు వచ్చాయి. జీఎస్టీ పోర్టల్‌లో వాడే ఎమ్‌సైనర్ అలాంటిదే.

ప్లగిన్ల ముగింపు

జావా ప్లగిన్ ఆధారపడిన ఎన్‌పీఏపీఐ పద్ధతి ప్లగిన్లను క్రోమ్ 2015 ఏప్రిల్‌లో ఆపి, సెప్టెంబరులో వెర్షన్ 45తో పూర్తిగా తొలగించింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో వెర్షన్ 52తో, సఫారీ 2018లో వెర్షన్ 12తో అదే బాట పట్టాయి. ఒరాకిల్ జావా 9లో యాప్లెట్లకు కాలం చెల్లిందని ప్రకటించి, 2018 సెప్టెంబరు నాటి జావా 11 నుంచి ప్లగిన్‌ను, జేఎన్‌ఎల్‌పీ ఫైళ్ల ద్వారా అప్లికేషన్లను నడిపే జావా వెబ్ స్టార్ట్‌ను తీసేసింది. అందువల్ల ప్లగిన్ ఉన్న వాటిలో దీర్ఘకాలిక మద్దతు గల చివరి వెర్షన్ జావా 8. దాని వాణిజ్య వినియోగపు లైసెన్సు 2019 ఏప్రిల్‌లో మారడంతో చాలా కార్యాలయాలు అంతకు ముందున్న అప్‌డేట్ 202 దగ్గరే ఆగిపోయాయి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11 డెస్క్‌టాప్ అప్లికేషన్‌కు 2022 జూన్ 15న మద్దతు ముగిసింది. ఎడ్జ్‌లోని ఐఈ మోడ్‌కు కనీసం 2029 వరకు మద్దతు ఉంటుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది.

యాప్లెట్ తప్పనిసరైన చోట ఇప్పుడు మిగిలిన దారులు కొన్నే. ఐఈ మోడ్‌లో జావా 8 వాడుకోవచ్చు. వెబ్ స్టార్ట్ అప్లికేషన్లకు ఓపెన్‌వెబ్‌స్టార్ట్ ఉంది. జావా కోడ్‌ను ప్లగిన్ లేకుండా వెబ్ అసెంబ్లీ సాయంతో బ్రౌజర్‌లోనే నడిపే చీర్ప్‌జే వంటి సాధనాలూ ఉన్నాయి. ఇవన్నీ పాత అప్లికేషన్‌కు కొంత గడువు ఇస్తాయి, అంతే. ప్లగిన్ అవసరం లేని సాంకేతికతలోకి ఆ అప్లికేషన్‌ను మార్చుకోవడమే ఈ ఘర్షణకు శాశ్వత పరిష్కారం.